గవాక్షపు బొంత: నా తొలి ప్రయత్నము

మార్గశిర మాసము వచ్చినదనగా నిర్మల్ ప్రాంతపు టిండ్లలో బొంతలు పెట్టెలనుండి వెలికి వచ్చును. తెలంగాణమున శీతకాలపు మిక్కిలి తక్కువ ఉష్ణోగ్రతలు తఱచుగా పూర్వపు ఆదిలాబాదు జిల్లా ప్రదేశముననే నమోదగుచుండును. తెల్లవారుజామున చలికి మునివ్రేళ్లు కొంకర్లు పోవునప్పుడు బొంత విలువ మనకు తెలిసినంతగా సముద్రతీరమునందలి వారికి తెలియదు.

బొంత మనకు క్రొత్తది గాదు. సంస్కృతమున కంథ యనుదానినే మనము బొంత యందుము. మన పొరుగున మరాఠీ మాటలాడువారు గోధడి యందురు. వంగదేశమున కాంథా యందురు. పేరేదైనను పద్ధతి యొకటియే. కట్టుకొనుటకు పనికిరాని చీరలను, ధోవతులను పొరలుగా పఱచి, పైన నొక గట్టి చీరను కప్పి, లావు సూదితో వరుసలుగా కుట్టి, కప్పుకొనుటకు ననుకూలముగా చేయుట. ఇట్టి బొంతను కుట్టుట మన ముసలమ్మల కందఱకును తెలిసిన విద్య.

ఈ వ్యాసమున నేను చెప్పబోవునది బొంతలలో నొక విచిత్రమైన జాతిని గూర్చి. దీనిని అమెరికా దేశపు స్త్రీలు కథీడ్రల్ విండో యందురు. అనగా ప్రధాన దేవాలయపు గవాక్షము. నేను దీనికి గవాక్షపు బొంత యని పేరు పెట్టుకొంటిని. దీనిని మొదటిసారి కుట్టునపుడు నేను పడిన పాట్లు, చేసిన తప్పులు, కట్టిన లెక్కలు యథాతథముగా నిందు వ్రాయుచున్నాను. సూదిపని నేర్చుకొను బాలికలకేగాక, రేఖాగణితమన్న జంకు బాలురకును నిది యుపయోగపడునని నా యాశ.

పనికి కారణము

మా తల్లిగారు పోయిన పిమ్మట వారి పెట్టెలో నొక యెఱ్ఱని నూలుచీర దొరికెను. ఇరువదేండ్లకు పైగా కట్టిన చీర. నడిమి భాగము జల్లెడవలె నుండెను. చెఱగు దగ్గఱను, అంచుల ప్రక్కను మాత్రము కొంత గట్టిబట్ట మిగిలియుండెను. మా అక్క దానిని తనకిమ్మని యడిగెను. నాకును దానిపై మమకారము కలదు. చీర నిలువునా చింపి పంచుకొనుటకు చేతులు రాలేదు. తుద కక్కకు, “దీనితో నీకు బొంత కుట్టి యిత్తును” అని మాట యిచ్చితిని.

మా వాడలో బొంతలు కుట్టు నొక వృద్ధురాలు కలదు. ఆమెకు చీర చూపితిని. ఆమె దానిని వెలుతురున కెత్తి చూచి, “గిది లోపలికే పనికొస్తది బిడ్డా, మీదికి రాదు” అనెను. ఆ మాట సత్యమే. మన బొంతలో మిక్కిలి పాతబట్ట కడుపులోనికి పోవును, గట్టిబట్ట పైకి వచ్చును. అట్లు చేసినచో బొంత చక్కగానే యుండును గాని, మా తల్లి చీర యందెచ్చటను కంటికి కనబడదు. కంటికి కనబడని చీరను అక్క కెట్లిత్తును?

అప్పుడు నాకొక పాత కుట్టుపని పుస్తకమునందు చూచిన గవాక్షపు బొంత చిత్రము జ్ఞప్తికి వచ్చెను. అందు చిన్న చిన్న రంగుముక్కలు తెల్లని చట్రములలో పొదిగియుండెను. దానిని వృద్ధురాలికి చూపగా నామె చాలసేపు చూచి, “పాతబట్టను మేం కడుపుల దాస్తం. నువ్వేమో మొకం మీద వెడ్తనంటున్నవ్. నిలుస్తదా?” అని యడిగెను. ఈ ప్రశ్నకు నాకప్పు డుత్తరము తెలియదు. ఆ యుత్తరము కొఱకే యీ పని మొదలిడితిని.

పేరునకు అర్థము

ఈ కుట్టునకు గవాక్షమను పేరేల వచ్చినదో గ్రహించుటకు మన మెంతో దూరము పోనక్కఱలేదు. మనకు దక్షిణమున మెదకులో నొక గొప్ప దేవాలయము కలదు. చార్లెస్ వాకర్ పాస్నెట్ గారి పూనికతో 1914లో కట్టనారంభింపబడి, 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడినది. అందు రంగుటద్దముల గవాక్షములు మూడు కలవు. క్రీస్తు జననము, సిలువ మరణము, ఆరోహణము అను మూడు దృశ్యము లందు చిత్రింపబడినవి.

అట్టి గవాక్షము వెలుపలినుండి చూచువానికి నల్లని గాజువలె తోచును. లోపల నిలిచి, వెలుపల సూర్యుడు వెలుగుచుండగా చూచినప్పుడే దాని సొగసు తెలియును. అది యొక్క పెద్ద యద్దము గాదు. అనేకములైన చిన్న గాజుముక్కలు. ఒక్కొక్క ముక్క అంచును సీసపు పట్టీ పట్టుకొనియుండును. ఆ పట్టీకి రెండువైపుల గాడి యుండును. గాజు అంచు ఆ గాడిలో దాగును. గోడ బరువును గాజు మోయదు, రాతిచట్రము మోయును. గాజు చేయవలసిన పని యొక్కటియే: వెలుగును చూపుట.

గవాక్షపు బొంతయందును సరిగా నిట్లే జరుగును. తెల్లని గట్టిబట్టను మడచి చట్రమును చేయుదురు. ఆ మడత సీసపు పట్టీవలె రంగుముక్క అంచును తనలో దాచుకొని పట్టుకొనును. లాగినను పీకినను ఆ బలము చట్రముపై పడును గాని ముక్కపై పడదు. ఈ విషయము నాకు పని పూర్తియగు వఱకు చక్కగా బోధపడలేదు.

మఱియొక భేదమును చెప్పవలెను. సాధారణమైన బొంతకు పైబట్ట, లోపలి పొర, అడుగుబట్ట యని మూడుండును. గవాక్షపు బొంతకు లోపల ప్రత్తి లేదు, వేఱు పాతబట్టల పొర లేదు, అడుగుబట్టయు లేదు. మడతలే పొరలు. కనుక దీనిని బొంత యనుట కొంత యతిశయోక్తియే. కాని వెచ్చదనమునకు లోటులేదు. ఏలనో క్రింది లెక్కవలన తెలియును.

మడతల లెక్క

ఒక చతురస్రపు కాగితమును తీసికొనుడు. దాని నాలుగు మూలలను మధ్యబిందువునకు మడువుడు. ఇప్పుడు వచ్చిన చతురస్రపు వైశాల్యము మొదటిదానిలో సగము. అంతటను రెండేసి పొరలు. మరల నాలుగు మూలలను మధ్యకు మడువుడు. వైశాల్యము మరల సగమై, మొదటిదానిలో నాలుగవ వంతగును. అంతటను నాలుగేసి పొరలు. కావున రెండు మడతలతో చతురస్రపు భుజము సరిగా సగమగును. బట్ట నాలుగింతలు దళసరి యగును. ఈ నాలుగు పొరలమీద రంగుముక్క యైదవ పొర. ప్రత్తి లేకయే చలి కాగుట కిదియే కారణము.

చతురస్రపు కర్ణముపై గీచిన చతురస్రము మొదటిదానికి రెట్టింపు వైశాల్యము గలదని మన పూర్వులు శుల్బసూత్రములలో యజ్ఞవేదికల కొలతలకొఱకు చెప్పియున్నారు. అదియే సూత్రమును తిరుగవేసినచో మన బొంత మడత వచ్చును. వేదికకు త్రాడుతో కొలిచిన సత్యమునే మనమిచ్చట సూదితో కొలుచుచున్నాము.

నేను గ్రహించిన కొలతలివి. 9 అంగుళముల చతురస్రములను కత్తిరించితిని. నాలుగు అంచులను పావు అంగుళము లోనికి మడచి ఇస్త్రీ చేయగా 8½ అంగుళములాయెను. మొదటి మడతతో భుజము 6 అంగుళములకు వచ్చెను. రెండవ మడతతో 4¼ అంగుళములాయెను. ఇట్లు రెండుసార్లు మడచిన చతురస్రమును గడి యందును.

రెండు గడులను ప్రక్కప్రక్కన కూర్చినప్పుడు కుట్టుకు ఇరువైపుల రెండు త్రికోణములు కలిసి, మూలపై నిలిచిన యొక చతురస్రమగును. దాని భుజము 3 అంగుళములు. ఇదియే గవాక్షము. కనుక గవాక్షములు గడులలో నుండవు; రెండు గడులు కలిసినచోటనే పుట్టును. ఒంటిగడికి పూర్తి గవాక్షము లేదు.

నేను అడ్డముగా 6, నిలువుగా 8 చొప్పున 48 గడులు వేయ నిశ్చయించితిని. బొంత కొలత 25½ అంగుళముల వెడల్పు, 34 అంగుళముల పొడవు. ఇది కూర్చుండినప్పుడు మోకాళ్లపై కప్పుకొనుటకు చాలును. ప్రక్కప్రక్కల కలయికలు 5 × 8 = 40. పైక్రిందుల కలయికలు 6 × 7 = 42. వెరసి గవాక్షములు 82. చుట్టును అంచులవెంట 28 అర్ధగవాక్షములు మిగులును. ఒక గవాక్షము సగము గడితో సమానము, అర్ధగవాక్షము పావుగడితో సమానము. కావున 82లో సగము 41, 28లో పావు 7, రెండును కలిపి 48. మన గడుల సంఖ్య సరిపోయినది. విద్యార్థులు తమ బొంతకు గడులసంఖ్యను మార్చుకొని యీ లెక్కను తామే సరిచూచుకొనవలెను.

కావలసిన వస్తువులు

చట్రమునకు కోరా నూలుబట్ట మేలు. 36 అంగుళముల పన్నాగల బట్టలో నొక వరుసకు 4 చతురస్రములు వచ్చును. 48 చతురస్రములకు 12 వరుసలు, అనగా 3 గజములు. తడిపిన పిమ్మట బట్ట కుదించుకొనును, అంచులు వ్యర్థమగును; కనుక పన్నా కొంత యెక్కువగల బట్టను చూచి, ఒక గజము అదనముగా కొనవలెను. సన్నని సూదులు, తెల్లని గట్టి నూలుదారము, గుండుసూదులు, పదునైన కత్తెర, టేపు, ఇస్త్రీపెట్టె, వ్రేలికి అంగుస్తానా కావలెను. సాధారణపు బొంతకు వాడు లావు సూది యిచ్చట పనికిరాదు. అది పాతబట్టలో బెజ్జములు చేయును.

కోరాబట్టను తప్పక ముందుగా నీటిలో రాత్రియంతయు నానబెట్టి, ఉదికి, ఆరవేయవలెను. మిల్లుగంజి పోవుటయేగాక, బట్ట కుదించుకొనవలసినదంతయు ముందే కుదించుకొనును. లేనియెడల బొంత పూర్తియైన పిమ్మట మొదటి యుదుకులో చట్రము బిగిసి ముక్కలు ముడుతలు పడును.

నేను చేసిన తప్పులు

మొదటి తప్పు తొందరపాటు. బట్టను నాలుగు పొరలుగా మడచి, కంటిచూపుతోనే యొక్కసారిగా నాలుగేసి ముక్కలు కత్తిరించితిని. మడచి చూడగా మూలలు మధ్యన కలియలేదు. ఒక గడిలో వ్రేలు దూరునంత సందు, మఱియొక గడిలో మూల మీద మూల. భుజములు కొలిచి చూచితిని. నాలుగును 9 అంగుళములే. లోప మెచ్చటనో చాలసేపు తెలియలేదు. తుదకు కర్ణములను కొలువగా నొకటి 12½, రెండవది 13 అంగుళములుండెను. భుజములు సమానమైనంత మాత్రమున చతురస్రము గాదు. అది సమచతుర్భుజము గూడ కావచ్చును. కర్ణములు రెండును సమానము కావలెను. ఈ విషయమును పాఠశాలలో నేర్చియు, బట్టముందు మఱచితిని. పిదప బట్టలో నొక పోగును లాగి, ఆ పోగు విడిచిన గీత వెంట కత్తిరించితిని. పోగు అబద్ధమాడదు. ఆ విధముగా కత్తిరించిన ముక్కలన్నియు చక్కగా కలిసినవి.

రెండవ తప్పు ముక్కల కొలతయందు జరిగినది. గవాక్షపు భుజము 3 అంగుళములు గదా యని, రంగుముక్కను బాగుగా లోపల నిలుపుదమని తలచి 2¼ అంగుళముల ముక్కలను మూడింటిని కత్తిరించితిని. చట్రపు మడతను ఎంత లోనికి త్రిప్పినను ముక్క అంచు నందలేదు. మా తల్లి చీరనుండి వచ్చినవి 61 ముక్కలు మాత్రమే. అందు మూడు నా యజాగ్రత్తవలన వ్యర్థమాయెను. ఆ రాత్రి పని ముట్టలేదు. మఱునాడు కాగితముపై కొలిచి చూచి, 2¾ అంగుళముల ముక్క సరియని తెలిసికొంటిని. అప్పుడు ముక్క నలువైపుల గవాక్షపు అంచునకు వీసమెత్తు లోపలనుండును. మడత దానిపైకి పావు అంగుళమునకు తక్కువ గాకుండ వచ్చి కప్పును. పనికిరాని కాగితముపై చేయవలసిన తప్పును మరల దొరకని బట్టపై చేసితిని. మీ రట్లు చేయకుడు.

మూడవ తప్పు రంగుది. 82 గవాక్షములకు చీరముక్కలు చాలవు గనుక అంగడినుండి కొంత క్రొత్త యెఱ్ఱబట్టను తెచ్చితిని. నాలుగు గడులకు దానిని కుట్టి, ఇస్త్రీకొఱకు నీరు చిలుకరించగా నెఱ్ఱరంగు తెల్లచట్రములోనికి ప్రాకెను. ఎంత ఉదికినను పోలేదు. ఆ నాలుగు గడులను విప్పి పాఱవేయవలసి వచ్చెను. రంగుబట్ట నేదియైనను ముందుగా తడిపి, తెల్లగుడ్డపై నుంచి, ఇస్త్రీపెట్టెతో నొత్తి చూడవలెను. తెల్లగుడ్డ తెల్లగా నిలిచినప్పుడే దానిని వాడవలెను. మా తల్లి చీర మాత్రము చుక్కరంగైనను విడువలేదు. ఇరువదేండ్ల ఉదుకులలో విడువవలసినదంతయు నది యెన్నడో విడిచినది.

కుట్టు విధము

ఇక సరియైన పద్ధతిని వరుసగా చెప్పెదను.

మొదట 9 అంగుళముల చతురస్రపు అంచులను పావు అంగుళము మడచి ఇస్త్రీ చేయవలెను. ఆ మడచిన వైపు మీకు కనబడునట్లుంచి, నాలుగు మూలలను మధ్యకు తెచ్చి గట్టిగా ఇస్త్రీ చేయవలెను. గుండుసూదితో నిలిపి, మరల నాలుగు మూలలను మధ్యకు తేవలెను. ఈ రెండవ మడత మూలలు నాలుగును మధ్యన కలిసినచోట సూదిని పొరలన్నిటిగుండ అడుగువఱకు దింపి, సిలువవలె రెండు కుట్లు వేసి, ముడిని పొరలలో దాచవలెను. గడి సిద్ధమైనది.

గడులన్నియు సిద్ధమైన పిదప రెండింటిని మడతల వైపులు ఎదురెదురుగా నుండునట్లు పట్టి, ఒక అంచునకు రెండవ అంచును సన్నని కుట్లతో చుట్టిచుట్టి కుట్టవలెను. అంచుల కొసలయందు రెండేసి కుట్లు అధికముగా వేయవలెను. నాలుగు గడులు కలియు చోటనే బలము మిక్కిలి పడును. విప్పి పఱచినప్పుడు నడుమ గవాక్షము కనబడును.

ఆ గవాక్షమున రంగుముక్క నుంచి నాలుగు గుండుసూదులతో నిలుపవలెను. ముక్క మిక్కిలి పలుచనైనదైనచో దాని క్రింద అదే కొలత మల్లుగుడ్డను కలిపి కచ్చాకుట్టు వేయవలెను. తరువాత చట్రపు మడత అంచును బొటనవ్రేలితో మెల్లగా ముక్కమీదికి త్రిప్పి, సన్నని హెమ్మింగు కుట్టుతో కుట్టుకొనిపోవలెను. కొసలయందు మడత సన్నగిలి, నడుమ వెడల్పై, విల్లువలె వంపు తిరుగును. ఆ వంపులవలననే నాలుగు గవాక్షములు కలిసినచోట పూవు విరిసినట్లు కనబడును. కొసకు ఎనిమిదవవంతు అంగుళపు దూరమున రెండు మడతలను కలిపి యొక కుట్టు వేసినచో ముక్క మూల బయటికి రాదు.

ఇంత వంపు తిరిగినను మడత ముడుత పడకుండుట చూచి నేనాశ్చర్యపడితిని. కారణమిది. మొదటి మడత బట్ట పోగులకు అడ్డముగాను గాక, నిలువుగాను గాక, ఏటవాలుగా పడును. దీనినే దర్జీలు ఉరేబు అందురు. ఉరేబు దిశయందు బట్ట సాగును. గవాక్షపు నాలుగు అంచులును ఉరేబు మడతలే గనుక, వ్రేలితో నెట్టిన వైపునకు సాగి వంగును. పోగువెంట మడచిన అంచైనచో ఇట్లు వంగదు.

ఒక గవాక్షమునకు 3 అంగుళముల చొప్పున నాలుగు అంచులు, అనగా 12 అంగుళముల కుట్టు, సరిగా నొక అడుగు. 82 గవాక్షములకు 82 అడుగులు. నా చేతికి ఒక్కొక్కటి సుమారు 25 నిమిషములు పట్టినది. మొత్తము 34 గంటలు. ఇది హెమ్మింగు కుట్టునకే. దినమున కొక్క గవాక్షము చొప్పున కుట్టినను మూడు మాసములలోపల ముగియును. అంచులందలి అర్ధగవాక్షముల మడతలను ముక్క లేకయే వంచి కుట్టివేసితిని.

క్రొత్తగా నేర్చుకొనువారు 48 గడులతో నారంభింపవలదు. 9 గడులు చాలును. అందు 12 గవాక్షములు వచ్చును, కొలత 12¾ అంగుళములగును. దిండుగలీబు ముందుభాగమునకు చక్కగా సరిపోవును.

ముక్కలు చాలనిచోట

చీరముక్కలు 58 మిగిలెను. ఇంకను 24 కావలెను. క్రొత్తబట్ట మోసపుచ్చినది. మరల వృద్ధురాలి నడిగితిని. ఆమె నవ్వి, “ఇంట్ల ఒక్కామె బట్టనే ఉన్నదా? పిల్లగాండ్ల బట్టలు లేవా?” అనెను. నా కది తోచనేలేదు. మా అక్క కూతుండ్ర చిన్ననాటి గౌనులు, మా తండ్రిగారి చొక్కా యొకటి వెదకి తీసితిమి. వానినుండి 24 ముక్కలు వచ్చెను. ఎఱ్ఱని చీరముక్కలను నడుమను, తక్కినవానిని చుట్టును కూర్చితిని. అంగడిబట్ట కొన్నచో రంగు కలిసియుండెడిదేమో గాని, మా యిల్లు కలిసియుండెడిది గాదు.

మన యూరి కొయ్యబొమ్మల పనివారిని మీరు చూచియుందురు. వారు తేలికైన పొనికి కఱ్ఱతో అంగములను వేఱువేఱుగా చెక్కి అతికింతురు. చింతగింజల జిగురులో ఱంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకు కనబడకుండ పూడ్చి, పైన రంగులు వేయుదురు. అచ్చట అతుకును దాచుట నేర్పు. మన చుట్టుపట్ల తాండాలలోని లంబాడీ స్త్రీలు రంగుగుడ్డలను, అద్దపు బిళ్లలను దుస్తులపై కూర్చి అందఱకు కనబడునట్లు కుట్టుదురు. అచ్చట అతుకును చూపుట నేర్పు. గవాక్షపు బొంత యీ రెండవ కోవకు చెందినది. అతుకు దోషము గాదు. దానిని పట్టుకొను అంచు బలముగా నున్నచో అదియే యలంకారము.

ప్రశ్నకు ఉత్తరము

బొంత పూర్తియైన దినమున దానిని వృద్ధురాలి యొడిలో పెట్టితిని. ఆమె రెండు కొసలను పట్టి గట్టిగా లాగి చూచెను. తెల్లచట్రము బిగిసినది, ఎఱ్ఱముక్క కదలలేదు. వెనుకకు త్రిప్పి చూచెను. అచ్చట కోరాబట్ట దక్క వేఱేమియు లేదు. “అగో, బరువంత తెల్లబట్ట మీదనే వెట్టినవ్. పాతదానికి పనే లేదు, కూసునుడే!” అనెను. నేనిన్నాళ్లు కుట్టి తెలిసికొన్నదాని నామె యొక్క లాగుతో చెప్పివేసినది.

బొంతను అక్క కిచ్చితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిదప నొక ముక్కపై వ్రేలుంచి, “ఇది చెఱగు దగ్గఱది” అనెను. అచ్చట అమ్మ పసుపుచేయి తుడుచుకొన్న మరక కలదు. నేను దానిని మంచిముక్క కాదేమో యని తీసివేయబోయి, లెక్క చాలక యుంచితిని. ఇప్పుడు బొంతలో అక్క మొట్టమొదట చూచునది ఆ ముక్కనే.

ఒక సంవత్సరము గడచినది. నాలుగుసార్లు ఉదికిరి. 58 ఎఱ్ఱముక్కలలో 56 చెక్కుచెదరలేదు. రెండు నడుమ చీలినవి. అవి మల్లుగుడ్డ వేయక తొందరలో కుట్టినవి. వెనుక నాలుగు పొరల కోరాబట్ట యుండుటచే బొంతకు చిల్లు పడలేదు. ఆ రెండు చీలికలను సన్నని దారముతో అల్లి నిలిపితిని. కావున వృద్ధురాలి ప్రశ్నకు నా యుత్తరమిది: నిలుచును, కాని పాతదానికి చేయవలసిన జాగ్రత్త పూర్తిగా చేసినప్పుడే నిలుచును.

విద్యార్థినీ విద్యార్థులారా! మీ యిండ్లలోను పెట్టెల అడుగున నిట్టి బట్టలుండును. పాతదానిచే బరువు మోయించినచో చిరుగును. పెట్టెలోనే దాచినచో చీడపట్టును. చుట్టును గట్టి చట్రము కట్టి, నడుమ వెలుగున కూర్చుండబెట్టినచో ఇంకను చిరకాలము కన్నులపండువుగా నుండును. ఈ సెలవులలో 9 గడులతో నారంభింపుడు. ముందు కాగితముపై మడువుడు, కర్ణములను కొలువుడు, బట్టను తడుపుడు. ఆ పిమ్మటనే కత్తెరను చేతబట్టుడు.